లూప్ లైన్‌లో మనుషులు

(ఒక ఊరి గ్రంథాలయంలో జరిగిన నెలవారీ సమావేశంలో విశ్రాంత గూడ్స్ గార్డు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం.

నేను 31 ఏళ్లు గూడ్స్ బండ్ల మీద గార్డుగా పనిచేశాను. గూడ్స్ గార్డు ఉద్యోగంలో సగం రోజులు లూప్ లైన్‌లోనే గడిచిపోతాయి. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే చాలు, మన బండిని పక్క లైన్లోకి తీసి నిలబెడతారు. అది దాటుతుంది. సరే, ఇక సిగ్నల్ ఇస్తారనుకుంటాం. ఈలోగా ఎదురుగా ఇంకోటి వస్తోందంటారు. ఎండాకాలం మధ్యాహ్నం, చుట్టూ ఊరు లేదు, నీళ్లు లేవు, బండి చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కూర్చుని ఎర్రదీపం వైపు చూడటమే పని. అలా తొమ్మిది గంటలు ఒకే చోట ఉన్న రోజులున్నాయి. అయినా నా వెనకున్నది బొగ్గు, బియ్యం, సిమెంటు. బొగ్గుకు దాహం వేయదు. బియ్యం బస్తా ఎప్పుడు కదులుతామని అడగదు.

రిటైరయ్యాక రైళ్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో 19వ శతాబ్దంలో నడిచిన వలస రైళ్ల గురించి చదివినప్పుడు నిద్ర పట్టలేదు. ఆ రైళ్లను కూడా లూప్‌లోకి తీసి నిలబెట్టేవారు. వాటిలో ఉన్నది బొగ్గు కాదు, చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు, జ్వరంతో పడుకున్నవాళ్లు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది వాళ్ల గురించే.

ముందు ఆ లైను సంగతి. 1862లో లింకన్ అధ్యక్షుడిగా ఉండగా పసిఫిక్ రైల్‌రోడ్ చట్టం వచ్చింది. నెబ్రాస్కాలోని ఒమాహా వైపు నుంచి యూనియన్ పసిఫిక్ కంపెనీ, కాలిఫోర్నియాలోని శాక్రమెంటో వైపు నుంచి సెంట్రల్ పసిఫిక్ కంపెనీ పట్టాలు వేసుకుంటూ వచ్చాయి. 1869 మే 10న యూటాలో ప్రామంటరీ అనే చోట కలుసుకున్నాయి. సెంట్రల్ పసిఫిక్ వైపు పనిలో నూటికి తొంభై మంది దాకా చైనా కూలీలే. సియెర్రా కొండలను పగలగొట్టి, మంచులో సొరంగాలు తవ్వి దారి చేసింది వాళ్లు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అంతకుముందు తూర్పు నుంచి కాలిఫోర్నియా వెళ్లాలంటే ఎడ్లబండ్లలో నాలుగైదు నెలలు. లేదా ఓడలో దక్షిణ అమెరికా మొత్తం చుట్టి వెళ్లేవారు, అదీ నెలల పనే. రైలు వచ్చాక న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వారం చాలు. దూరం దాదాపు 5,300 కిలోమీటర్లు, అంటే బెజవాడ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి మూడు రెట్లు. 1870లో పుల్‌మన్ పడక బోగీలో టికెట్టు 136 డాలర్లు, రెండో తరగతి 110, వలస తరగతి 65. పై తరగతి వాళ్లు వారంలో చేరేవారు. వలస తరగతి వాళ్లకు పది రోజులు, పన్నెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టేది. పట్టాలు అవే, నదులు అవే. తేడా అంతా ఎవరి బండి లూప్‌లో ఆగుతుంది, ఎవరి బండి మెయిన్ లైన్లో దూసుకుపోతుంది అన్న దాంట్లో ఉంది.

ఇప్పుడు ఓడ దిగిన మనిషితో పాటు నడుద్దాం. న్యూయార్క్‌లో 1855 నుంచి 1890 దాకా వలసవాళ్లు దిగింది కాజిల్ గార్డెన్‌లో. మనం ఎక్కువగా వినే ఎల్లిస్ ఐలండ్ 1892లో మొదలైంది, అది తర్వాతి కథ. కాజిల్ గార్డెన్ ఒకప్పుడు కోట, తర్వాత కచేరీలు జరిగే హాలు. దాన్ని వలసవాళ్ల కోసం తీసుకోవడానికి పెద్ద కారణం మోసాలు. రేవులో దళారులు కాచుకుని ఉండేవారు. జర్మన్ వాళ్ల దగ్గర జర్మన్‌లో, ఐర్లండ్ వాళ్ల దగ్గర వాళ్ల యాసలో, మీ ఊరివాణ్ణే అన్నట్టు మాట్లాడి పెట్టె చేతిలోంచి లాక్కునేవారు. ఎక్కడికీ చెల్లని రైలు టికెట్లు అంటగట్టేవారు. అందుకని ప్రభుత్వం ఒకే ఆవరణలో డబ్బు మార్చే చోటు, సామాను తూచే చోటు, అసలైన రైలు టికెట్లు అమ్మే కౌంటరు పెట్టించింది. 80 లక్షల మందికి పైగా ఆ గుమ్మం దాటారు. పరాయి దేశంలో మొదటి మోసం మన భాష మాట్లాడేవాడి చేతిలోనే జరగడం చూశారా, గల్ఫ్ వెళ్లి వచ్చినవాళ్లను అడిగినా ఇలాంటి కథే చెబుతారు.

ఆ తర్వాతి ప్రయాణం ఎలా ఉండేదో మనకు బాగా తెలియడానికి కారణం ఒక రచయిత. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్, స్కాట్లండ్ మనిషి. తర్వాత సాహస కథలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు గానీ 1879 ఆగస్టులో ఆయనకు 28 ఏళ్లు, చేతిలో పెద్దగా డబ్బు లేదు, ఒంట్లో బాగాలేదు. కాలిఫోర్నియాలో ఉన్న తన కాబోయే భార్య కోసం వలస తరగతి టికెట్టు కొన్నాడు. ఆగస్టు 18 సాయంత్రం న్యూయార్క్‌లో బయల్దేరి 30న శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. లెక్క వేస్తే గంటకు 20 కిలోమీటర్ల లోపే. మన గూడ్స్ బండ్ల సగటు కూడా ఇంతకంటే మెరుగే. దారి పొడవునా చూసింది చూసినట్టు రాశాడు. వేల మంది అలా ప్రయాణించారు, వాళ్లలో రాయగలిగినవాళ్లు తక్కువ. రాసినా ఇంటికి రాసిన ఉత్తరాల్లో కష్టాలు చెప్పరు. అమ్మ భయపడుతుంది కదా. అందుకే ఈ ఒక్క సాక్ష్యం నాకు అంత విలువైనదిగా అనిపిస్తుంది.

న్యూయార్క్‌లో ఆ రోజు కుండపోత వాన. రెండు మూడు రోజుల్లో వచ్చిన నాలుగు ఓడల జనం ఒకే రైలుకు పోగయ్యారు. తడిసిన మూటలతో, ఏడుస్తున్న పిల్లలతో అందరినీ పడవలో నది దాటించి జెర్సీ సిటీలో రైలెక్కించారు. పోర్టర్లు మనుషులను కుక్కలు గొర్రెలను తోలినట్టు తోలారని రాశాడు. షికాగో మీదుగా మిస్సోరీ నది ఒడ్డు చేరాక, అక్కడ అసలు వలస రైలు తయారవుతుంది. దాన్ని సిద్ధం చేసిన పద్ధతి చదువుతుంటే నాకు మార్షలింగ్ యార్డే గుర్తొచ్చింది. మేము వ్యాగన్లను ఎలా వేరు చేసేవాళ్లమో అలాగే మనుషులను వేరు చేశారు. పేర్లు పిలిచారు. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్న కుటుంబాలు ఒక బోగీ. ఒంటరి మగవాళ్లు ఒక బోగీ. చైనావాళ్లు ఇంకో బోగీ.

బోగీ అంటే పొడవాటి ఇరుకు చెక్క పెట్టె. ఒక చివర పొయ్యి, ఇంకో చివర మరుగుదొడ్డి, మధ్యలో నడవ, అటూ ఇటూ బెంచీలు. బెంచీ ఎంత పొట్టిదంటే చిన్నపిల్లవాడు తప్ప ఎవరూ దాని మీద కాళ్లు చాపుకుని పడుకోలేరు. మరి వారం పైన ప్రయాణంలో నిద్ర ఎలా? దానికొక ఏర్పాటు ఉంది. ఇద్దరిద్దరు జతకట్టాలి. ఆ జతకు ఒక చెక్క పలక, గడ్డి కూరిన మూడు దిండ్లు అమ్ముతారు. రాత్రి ఎదురెదురు బెంచీల మధ్య పలక వేసి, మీద దిండ్లు పరిచి ఇద్దరూ పక్కపక్కనే పడుకోవాలి. ముక్కూ మొహం తెలియని మనుషులే. రైల్వే తరఫు మనిషి ఒకాయన పెళ్లిళ్ల పేరయ్యలాగా అటూ ఇటూ తిరిగి, ఈయన మంచివాడు, నిజాయితీపరుడు అని చెప్పి జతలు కుదిర్చేవాడు. స్టీవెన్సన్‌కు మొదట చూపించిన మనిషి ఆయన్ని పైనుంచి కిందికి చూసి వద్దన్నాడు. ఇక అందరూ ఇలాగే వద్దంటారేమోనని ఆయనకు భయమేసింది. తర్వాత ఇంకొకరు ఒప్పుకున్నారు.

ఆ పలక ధర రెండున్నర డాలర్లు అన్నారు. బండి కదిలే ముందు డాలరున్నరకు దిగింది. ఊరు తెలియని మనిషి దగ్గర మొదట ఎంత వస్తే అంత గుంజడమే కదా ఇది. ఇంకో సంగతి చెబుతాను. ఒమాహా నుంచి యూటాలోని ఆగ్డెన్ దాకా 1,600 కిలోమీటర్ల పైన యూనియన్ పసిఫిక్ బోగీలు. ఆగ్డెన్‌లో దిగి సెంట్రల్ పసిఫిక్ బండి ఎక్కాలి. ఆ బోగీలు ఎత్తుగా, గాలి ఆడేటట్టు, కొత్త వార్నిషుతో ఉన్నాయి. సీట్లు ముందుకు లాగితే అవే పడకలవుతాయి, పైన మడత బెర్తులు కూడా ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న పలకతో అక్కడి నుంచి పనే లేదు. మరి మొదటి కంపెనీ అలాంటి సీట్లు పెట్టలేకపోయిందా? పెట్టగలదు. పెట్టకపోయినా అడిగేవాడు లేడు.

పొద్దున లేచి మొహం కడగటం దగ్గరే పెద్ద సాహసం. బోగీలో తిరిగి సరుకులు అమ్మే కుర్రాడి దగ్గర స్టీవెన్సన్, ఇంకో ఇద్దరు కలిసి ఒక రేకు గిన్నె, తువ్వాలు, సబ్బు కొన్నారు. ఆ ఇద్దరినీ ఊళ్ల పేర్లతో పెన్సిల్వేనియా, డుబ్యూక్ అని పిలిచేవారు. ఈయన్నేమో షేక్స్‌పియర్ అనేవారు. గిన్నెలో నీళ్లు పట్టుకుని బోగీ చివర బయట ఉండే వరండా లాంటి చోటికి వెళ్లాలి. మోకాళ్ల మీద కూర్చుని, ఒక మోచేయి కటకటాలకు మెలేసి, ఒంటి చేత్తో మొహం, మెడ కడుక్కోవాలి. బండి వేగంగా పోతుంటే ప్రాణాల మీదికి వచ్చే పని. ఇక పొయ్యి దగ్గర పొద్దున్నే కాఫీ. అదే కుర్రాడి దగ్గర కాఫీ పొడి, చక్కెర, డబ్బాల్లో చిక్కుళ్లు, మాంసం దొరికేవి. ఎవరికి వారు కాచుకునేవారు. చాలాచోట్ల రోజుకు మూడుసార్లు భోజనానికి ఆపేవారు, ఇరవై నిమిషాలకు తగ్గకుండా టైము ఇచ్చేవారు. అది మేలే.

కానీ ఒక్క సంగతి నన్ను చాలా బాధపెట్టింది. గార్డుగా పనిచేసినవాణ్ణి కాబట్టి మీకంటే నాకు ఎక్కువ బాధ అనిపించిందేమో. అమెరికాలో రైలు కదిలే ముందు అందరూ ఎక్కండి అని గట్టిగా కేకేయడం ఆచారం. వలస రైలుకు ఆ కేక వేసేవారు కాదు. బండి చప్పుడు చేయకుండా కదిలిపోయేది. అన్నం తింటూ ఒక కన్ను బండి మీదే ఉంచాలి. కేక వేయడానికి ఏం ఖర్చవుతుంది? బండి వదిలేముందు ఈల ఊది, పచ్చజెండా ఊపి, ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే నాలుగు సెకన్లు ఆగడం నాకు నేర్పిన పని. ఆ మర్యాద వాళ్లకు దక్కలేదు. స్టీవెన్సన్ ఒకసారి కండక్టర్‌ను భోజనానికి ఎప్పుడు ఆపుతారని అడిగాడు. జవాబు లేదు. రెండోసారి, మూడోసారి అడిగాడు. ఆ మనిషి మొహం తిప్పుకున్నాడు. తర్వాత చెప్పిన కారణం ఏమిటంటే, ఒకదానికి జవాబు చెబితే ఇంకోటి అడుగుతారు, అందుకని చెప్పడమే మానేశాం అని. ఎప్పుడు తింటాం, ఎక్కడున్నాం, ఎప్పుడు చేరతాం. ఇవి తెలియకుండా మనిషిని పన్నెండు రోజులు కూర్చోబెడితే ఎంత టెన్షన్ పడతాడు! లూప్‌లో ఉన్న గార్డుకు కనీసం ఫోను ఉంటుంది, స్టేషన్ మాస్టరు ఉంటాడు.

అలాగని అందరూ రాయిలాంటి వాళ్లు కాదు. అదే సరుకులు అమ్మే కుర్రాళ్లలో ఒకడు అటూ ఇటూ పోతూ ప్రతిసారీ స్టీవెన్సన్ కాలికి కొట్టుకునేవాడు. ఈయనకు కోపం వచ్చింది. తర్వాత ఈయన ఒంట్లో బాగాలేదని గమనించి, ఆ కుర్రాడే వచ్చి చేతిలో ఒక పెద్ద పియర్ పండు పెట్టాడు. చదువుకోమని పేపర్లు ఇచ్చాడు. నాకు ఆ పండు దగ్గర కళ్లు తడిశాయి.

ఇందాక చైనావాళ్ల బోగీ అన్నాను. తెల్లవాళ్ల బోగీలో అందరూ అనే మాట ఒకటే, చైనావాళ్లు మురికివాళ్లు అని. స్టీవెన్సన్ చూసి రాసింది వేరు. తామందరూ రోజుకోసారి అర నిమిషం మొహం తడుపుకుని ఊరుకునేవారట. చైనావాళ్లు మాత్రం అవకాశం దొరికినప్పుడల్లా కాళ్లు కడుక్కునేవారు, వీలైనంత మేర ఒళ్లు కూడా కడుక్కునేవారు. వాళ్లను చూసి మేము సిగ్గుపడాలి అని రాశాడు. నేను అక్కడ పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను. ఆ బోగీ పోతున్నది ఏ పట్టాల మీద? సియెర్రాలో ఆ సొరంగాలు తవ్విందెవరు? మంచు పెళ్లలు పట్టాల మీద పడకుండా ఆ కొండల్లో దాదాపు 60 కిలోమీటర్ల పొడవున చెక్క షెడ్లు కట్టారు. పదేళ్లు తిరిగేసరికి ఆ దారి వేసినవాళ్లనే వేరే బోగీలో కూర్చోబెట్టారు. 1882లో చైనా కూలీలు ఆ దేశంలో అడుగుపెట్టకుండా చట్టమే తెచ్చారు.

ఇందాక టీ తాగేటప్పుడు ఒక అమ్మాయి అడిగింది, ఇంత కష్టమైతే వాళ్లు ఎందుకు వెళ్లారండీ అని. మంచి ప్రశ్న. దానికి జవాబు భూమి.

ప్రభుత్వం రైల్వే కంపెనీలకు పట్టాలు వేసినందుకు భూమి ఇచ్చింది. 1864 చట్టం ప్రకారం యూనియన్ పసిఫిక్, సెంట్రల్ పసిఫిక్‌లకు మైలుకు 12,800 ఎకరాలు. నార్తర్న్ పసిఫిక్ అనే ఇంకో రైల్వే కంపెనీకి మొత్తం మీద దాదాపు 4 కోట్ల ఎకరాలు. నిజానికి ఆ నేల మీద అప్పటికే స్థానిక తెగల వాళ్లు బతుకుతున్నారు. వాళ్లను తోసేసి ఇచ్చిన భూమి అది. ఆ అన్యాయం గురించి చెప్పాలంటే ఇంకో రోజు కావాలి, కానీ చెప్పకుండా దాటలేను. సరే, కంపెనీ చేతిలో భూమి ఉంది, కొనేవాడు లేడు. అందుకని యూరప్‌లో ఏజెంట్లను పెట్టారు. జర్మన్, స్వీడిష్, నార్వేజియన్ భాషల్లో కరపత్రాలు అచ్చేశారు. 1873లో డకోటాలో ఒక ఊరికి జర్మనీ ఛాన్సలర్ పేరు మీద బిస్మార్క్ అని పేరు పెట్టారు, జర్మన్ల డబ్బు వస్తుందని. శాంటాఫే రైల్వే కంపెనీ రష్యాలో ఉన్న మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులను 1874లో కాన్సాస్‌కు రప్పించింది. వాళ్లతో పాటు వచ్చిన ఎర్ర గోధుమ ఆ రాష్ట్రపు వ్యవసాయాన్నే మార్చేసింది.

వ్యాపారం చూడండి. మొదట టికెట్టు డబ్బు. తర్వాత భూమి డబ్బు. తర్వాత ఆ రైతు పండించిన గోధుమ మార్కెట్టుకు వెళ్లాలన్నా అదే రైలు, దాని మీద కిరాయి. ఒకే మనిషి నుంచి బతికినంత కాలం ఆదాయం. అలాంటి మనిషిని ఒక్క పన్నెండు రోజులు మంచి బెంచీ మీద కూర్చోబెట్టలేకపోయారు.

డబ్బున్న రైతులు మొత్తం వ్యాగనే అద్దెకు తీసుకునేవారు. ఒకవైపు గుర్రాలు, ఆవులు, కోళ్లు. ఇంకోవైపు మంచాలు, నాగలి, పొయ్యి, విత్తనాల బస్తాలు. పశువులను చూసుకోవడానికి ఒక మనిషికి ఉచితంగా చోటు ఇచ్చేవారు. నాలాంటి గార్డు ఎవరో ఆ వ్యాగన్ తలుపు తీసి చూసి ఉంటాడు. గడ్డి వాసన, పాలు పితికిన చెంబు, బీరువా చాటున ఒక కుర్రవాడు. చూసీ చూడనట్టు వదిలేసి ఉంటాడనే నా నమ్మకం.

కెనడా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అక్కడ సముద్రం నుంచి సముద్రానికి లైను 1885 నవంబర్ 7న కలిసింది. మరుసటి ఏడాది జూన్ 28న మాంట్రియల్‌లో బయల్దేరిన ప్యాసింజరు రైలు జులై 4న పసిఫిక్ తీరం చేరింది. వాళ్లు వలసవాళ్ల కోసం కాలనిస్టు కార్లు నడిపారు. చెక్క బద్దల సీట్లు లాగితే పడకలు, పైన బెర్తులు, చివర వంట పొయ్యి. పక్క బట్టలు ఎవరివి వారే తెచ్చుకోవాలి. సుఖం ఏమీ లేదు. కానీ కుటుంబమంతా ఒకచోట ఉండేది, తల్లి పిల్లలకు వేడిగా గంజి కాచేది. పెద్ద ఖర్చు లేకుండానే ఈ మాత్రం చేయవచ్చని తెలుస్తోంది కదా.

మనవాళ్ల మాట కూడా ఒకటి. అదే కాలంలో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లారు. బర్మావాళ్లు వాళ్లను కోరంగీలు అన్నారు, మన కోరంగి రేవు పేరుతోనే. ఓడలో డెక్కు మీద, ఎండకూ వానకూ. వాళ్లు పడ్డ కష్టాన్ని చూసింది చూసినట్టు రాసిపెట్టినవాళ్లు ఎంతమంది? మీ ఇళ్లలో ఎవరి తాతలైనా, ముత్తాతలైనా రంగం వెళ్లి ఉంటే, విన్నదంతా దయచేసి రాసిపెట్టండి. ఇది నా మనవి.

చివరికి ఒక దృశ్యం చెప్పి ఆపేస్తాను. నెబ్రాస్కా మైదానాల్లో, వయోమింగ్ కొండల్లో స్టీవెన్సన్ వాళ్ల బండికి ఎదురుగా తూర్పు వైపు పోయే వలస రైళ్లు తగిలేవి. అవి కూడా నిండుగానే ఉండేవి. పడమట పని దొరకనివాళ్లు, చేతులు కాలినవాళ్లు తిరిగి వస్తున్నారు. రెండు బళ్లూ పక్కపక్కన వచ్చినప్పుడు వాళ్లు బోగీ చివరికి పరిగెత్తుకొచ్చి, వెనక్కి వచ్చేయండి, వెనక్కి వచ్చేయండి అని అందరూ ఒక్క గొంతుతో ఏడుపులా కేకలు వేసేవారట. నేను ఎన్నో రాత్రులు క్రాసింగ్ స్టేషన్లలో ఎదురుబండి కోసం చూశాను. ఎదురుబండిలోంచి అలాంటి కేక వినిపించడం ఊహించుకుంటేనే గుండె పట్టేస్తుంది.

అయినా ఎవరూ దిగిపోలేదు. పదకొండో రోజు రాత్రి బండి సియెర్రా ఎక్కింది. తెల్లవారేసరికి చుట్టూ పైన్ చెట్లు, కింద లోయలో నది, చల్లని గాలి. అన్ని రోజుల మురికీ వేడీ అలసటా మరిచిపోయి బోగీలో ఉన్న మగాళ్లందరూ బడి వదిలిన పిల్లల్లా అరుస్తూ ఆ చివరి వరండాలోకి తోసుకొచ్చారు. ఎవరి కళ్లు చూసినా మెరుస్తున్నాయని రాశాడు. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా వెలుతురు రాకముందే ఓక్లండ్‌లో దిగి పడవ ఎక్కారు. అఖాతం మీద మెల్లగా తెల్లవారుతుంటే శాన్‌ఫ్రాన్సిస్కో కొండలు ఒక్కొక్కటిగా కనిపించాయి.